వానాకాలం కాపు

కొండాపూర్,
14 జూలై 2024

చలపతికి,

పెద్దవాణ్ణి కాబట్టి ఆశీస్సులు. అంతకు మించి ఆశించకు.

నువ్వు చెవిలో మిషను పెట్టుకున్నాక ఫోన్లో నీకొక మాట చెప్పాలంటే నేను ఎనిమిదో అంతస్తు నుంచి అరవాలి, కింద వాచ్‌మన్ పలకాలి. అందుకని ఉత్తరం. మా అమ్మాయి ఉమాశ్రీ దీన్ని కవరులో పెట్టి బైకు పార్సిల్లో పంపుతానంది. కొండాపూర్ నుంచి హఫీజ్‌పేటకు కాగితం అరగంటలో చేరుతుందట. మనుషులం మాత్రం మీ అక్క పోయిన మూడేళ్ళుగా ఒకరి గడప ఒకరం తొక్కలేదు.

నిన్న తనే ఫోన్లో నీ ఫోటో చూపించింది. మిద్దెతోటల వాళ్ళ సభట. నీ భుజాల మీద శాలువా. ముందు బల్ల మీద అంజీర పళ్ళు, మల్బరీ పళ్ళు, ఒక పళ్ళెంలో నాటు బాదం కాయలు. కింద ఎవరో ‘సేంద్రియ ఋషి’ అని రాశారు. నేను జీవితమంతా గ్రంథాలయాల్లో గడిపి జిల్లా అధికారిగా రిటైరైతే నాకు కప్పిన శాలువాకు అంచున చిరుగుంది. నువ్వు కరెంటాఫీసులో పనిచేసినన్నాళ్ళూ పుస్తకం ముఖం చూడలేదు. నా దగ్గర తీసుకున్న ఒక్క పుస్తకాన్నీ ఊగే బల్ల కాలి కింద పెట్టిన ఋషివి నువ్వు.

అసలు సంగతికి వస్తాను. మా మిద్దె మీద డ్రమ్ములో ఉన్న జామచెట్టు నీకు తెలుసు. మనం కాశీ యాత్రకు వెళ్ళినప్పుడు ప్రయాగలో శారద రెండు అంటుమొక్కలు కొన్నది. ఒకటి మా ఇంటికి, ఒకటి నీ పెరట్లోకి. రెండింటిలో బలమైనదాన్ని నీకే ఇచ్చింది, తమ్ముడివి గనక. అయినా ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా చెట్టూ బాగానే కాసింది. గింజలు పంటికింద పడుతున్నాయని తను ముట్టేది కాదు గాని, కాయ కోసి, ఉప్పూ కారం చల్లి, నేను చదువుకునే బల్ల మీద పెట్టేది.

ఆవిడ పోయాక ఒక్క కాయా సరిగ్గా రాలేదు. పైకి నిగనిగలాడుతుంది. కోస్తే తెల్లటి పురుగులు. ఇది పండు ఈగ పని అని నాకు తెలుసు. దాని గురించి మూడు భాషల్లో చదివాను. అది కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది, పిల్లలు లోపలి గుజ్జు తిని పెరుగుతాయి. తెలియంది ఏమీ లేదు, పురుగు తగ్గటం లేదు, అంతే.

ఇప్పుడు ఎల్లేశం వచ్చిపడ్డాడు. ఈ అపార్ట్‌మెంటు లేచిన చోటు ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను. అసోసియేషనుకు అధ్యక్షుడు కూడా అతనే. రాలిన కాయల కంపుకు ఈగలు పై అంతస్తు ఇళ్ళలోకి దిగుతున్నాయట. “చెట్టు మీద మాకేం కోపం లేదు సారూ. గీ ఈగల తోని మా అమ్మ పరేషాన్ అయితున్నది. మంచిగ చేస్తవా, తీపిచ్చేద్దమా?” అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మర్యాదగా అన్న మాటే ఎక్కువ భయపెడుతుంది.

జనవరిలో మీ వీధంతా నీ జామపళ్ళు తిన్నదని విన్నాను. ఒక్కదాంట్లోనూ పుచ్చు లేదట. కాబట్టి సూటిగా అడుగుతున్నాను. సేంద్రియమని శాలువాలు కప్పించుకుంటూ చాటున నువ్వు కొట్టే విషం పేరేమిటి? సాయం అడగటం లేదు. నిజం అడుగుతున్నాను.

సీతారామయ్య


హఫీజ్‌పేట,
19 జూలై 2024

బావగారికి నమస్కారాలతో మీ చలపతి రాసేది.

మీ ఉత్తరం మా ఆవిడ భ్రమరాంబ గట్టిగా చదివి వినిపించింది. ‘విషం’ దగ్గర ఆగి, అన్నయ్యగారికి ఒంట్లో కులాసాగానే ఉన్నట్టుంది అంది. తన మోకాలు ఎప్పటిలాగే ఉంది. నా చెవి మిషనులో ఇప్పుడు రైలు కూత తప్ప ఏదీ సరిగ్గా వినిపించదు. స్టేషను పక్కన ఇల్లు కదా, అదీ చాలా సార్లు వినిపిస్తుంది.

మందేదీ లేదండి. నేను చేసేదల్లా వానాకాలం కాపు వదిలెయ్యటమే. జామ ఏడాదికి రెండుసార్లు కాస్తుంది. వానల్లో వచ్చే కాపు ఈగది, చలికాలం వచ్చేది మనిషిది. అందుకని ఎండల్లో వచ్చిన పూతను దులిపేసి, కొమ్మల చివళ్ళు కత్తిరించేస్తాను. చెట్టు అలిగి కొన్నాళ్ళు ఊరుకుని, చలికాలానికి మళ్ళీ కాస్తుంది. అప్పటికి ఈగ ఉధృతి తగ్గుతుంది.

మీ చెట్టు మీద ఇప్పటికే కాయలున్నాయి కాబట్టి మనసు రాయి చేసుకుని అన్నీ కోసెయ్యండి. పచ్చివీ, పండినవీ, రాలినవీ. నల్ల పాలిథిన్ సంచిలో వేసి మూతి బిగించి ఎండలో పడేస్తే లోపలి పురుగు లోపలే చస్తుంది. డ్రమ్ములో పైమన్ను గుల్ల చేసి వేపపిండి కలపండి. పురుగు కాయలోంచి దిగి ఆ మట్టిలోనే ఈగ అవుతుంది.

ఇంకొకటి ఉంది, మీరు కోప్పడకూడదు. చెట్టు మొదట్లో ఉన్న తులసి కుండీని దూరంగా జరపాలి. తులసి వాసనకు మగ ఈగలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. నేను ఆ ఆకునే నలిపి, సబ్బునీళ్ళ సీసాలో వేసి, చెట్టుకు దూరంగా ప్రహరీ చివర వేలాడదీస్తాను. వచ్చి అందులో పడతాయి.

పండుతో మీకెలాగూ పని లేదు కాబట్టి ఒక కాపు పోయినా పరవాలేదు. అక్క చెట్టు నిలబడటం ముఖ్యం.

మొన్న ఇంట్లో జంతికలు చేశారు. మెత్తగా వచ్చాయి. అక్క చేసేవి రాళ్ళలా ఉండేవి. అరవై దాటాక కూడా తను పటపటా కొరుకుతుంటే పక్కగదిలోకి వినిపించేది. ఎందుకో గుర్తొచ్చి రాశాను.

మీ
చలపతిరావు


కొండాపూర్,
4 ఆగస్టు 2024

చలపతికి,

‘పండుతో మీకెలాగూ పని లేదు’ అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. నా పళ్ళు ఊడాయని నీకెవరు చెప్పారు? లేక నాకు రుచి తెలియదనా? అంత చల్లగా మనిషిని తీసిపారెయ్యటం పుస్తకాలు చదవనివాళ్ళకే చాతనవుతుంది.

నీ ఎత్తు నాకు అర్థమైంది. నా చేత్తోనే నా కాయలు కోయించి, కొమ్మలు నరికించి, నా చెట్టును బోడి చెయ్యాలి. ఆపైన ప్రయాగ జామ ఈ ఊళ్ళో నీ పెరట్లోనే మిగలాలి. తర్వాతి శాలువా దానికి కప్పుతారు.

ఇక తులసి. ఆ కుండీ అక్కడ పెట్టింది శారద. పొద్దున్నే నీళ్ళు పోసి జామకూ తులసికీ కలిపి ఒకే ప్రదక్షిణం చేసేది. దాన్ని జరపమనటానికి నీకు చెయ్యెలా వచ్చింది?

నేను నా పద్ధతిలో వెళ్ళాను. ప్రతి కాయకూ కాగితం సంచి తొడిగాను. ఆదివారం సాహిత్యపు పేజీలు వాడాను. వాటికి ఇన్నాళ్ళకు ఒక ఉపయోగం దొరికింది. అన్నిటికన్నా పెద్ద కాయ పండగానే తీసుకెళ్ళి ఎల్లేశం తల్లి చంద్రమ్మ చేతిలో పెట్టాను. కింద పార్కులో అసోసియేషను వాళ్ళు, గచ్చిబౌలి ఆఫీసుల నుంచి వచ్చిన పిల్లలు కూచుని ఉండగా, వాళ్ళందరూ చూస్తారనే ఇచ్చాను.

ఆవిడ అక్కడే కొరికింది. కొరికిన చోటు చూసింది. తిట్టినా బాగుండేది.

“ఏంది సారూ, నాకు తెచ్చినవా, పురుగు తినంగ మిగిలింది తెచ్చినవా?” అంది.

అందరూ నవ్వారు. ఎప్పుడూ ఫోన్లలోంచి తల ఎత్తని పిల్లలు కూడా ఎత్తి నవ్వారు. నేను సంచి తొడగక ముందే ఈగ గుడ్లు పెట్టిపోయిందని ఇంటికొచ్చి పుస్తకం తీస్తే తెలిసింది. ఆ పేజీ కింద నా చేత్తోనే గీత గీసి ఉంది.

సాయంత్రం మీటింగు పెట్టారు. ఇంకొక్క కాపు చూస్తారట. అందులోనూ పురుగుంటే చెట్టు ఉండదు. శివరాత్రికి చంద్రమ్మ ఉపవాసం ఉంటుంది, ఆ రోజు తనే కొరికి తేలుస్తుందట. ఒక జిల్లా గ్రంథాలయాధికారి భవిష్యత్తు ఒక ముసలావిడ పంటి కిందికి వచ్చింది.

లెక్కలు తేల్చుకోక తప్పని వయసు గనక మిగతావీ రాస్తాను. నువ్వు హఫీజ్‌పేటలో బండరాళ్ళ మధ్య స్థలం కొన్నప్పుడు నేను నవ్వాను. ఇప్పుడు నీ కాళ్ళ కింద మన్నుంది, నా కాళ్ళ కింద సిమెంటుంది. అది క్షమించాను. ప్రతి ఆదివారం శారద నీతో గంటసేపు ఫోన్లో మాట్లాడేది. నేను గదిలోకి వస్తే ‘ఉంటాన్రా’ అని పెట్టేసేది. నాతో ఆవిడ గంటసేపు మాట్లాడిన ఆదివారం ఒక్కటీ నాకు గుర్తు లేదు. అదీ క్షమించాను.

ఒకటి మాత్రం క్షమించను. నీ చెట్టు కాయటం మొదలై ఏళ్ళయింది. పాలవాడికిచ్చావు. మీటరు చూడటానికొచ్చినవాడికిచ్చావు. మాకు అంజీరలు పంపావు, మల్బరీలు డబ్బాలో పెట్టి పంపావు. జామ, అందులోనూ శారద చేత్తో ఇచ్చిన జామ, ఒక్క కాయ ఇన్నేళ్ళలో నా ఇంటికి రాలేదు. ఎందుకు?

సీతారామయ్య


హఫీజ్‌పేట,
11 ఆగస్టు 2024

బావగారికి,

నమస్కారం. మీ ఉత్తరం చదివి భ్రమరాంబా నేనూ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

మీరు కాశీలో జామ వదిలారు కదండీ? కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన పండొకటి గంగ ఒడ్డున వదిలేస్తే మళ్ళీ ఈ జన్మలో ముట్టకూడదు కదా. అలాంటి మనిషి ఇంటికి అదే పండు బుట్టలో పెట్టి పంపితే ఆ పాపం నాకు కాదా? అందుకే వీధంతా పంచి, మీ ఇంటికి మాత్రం అంజీరలు పంపేవాణ్ణి. పండుతో మీకు పని లేదని రాసిందీ అందుకే. మీ పళ్ళ సంగతి నాకేం తెలుసు?

బలమైన మొక్క నాకొచ్చిందనటం కూడా సరి కాదు. నాది రైల్లో ఎవరో పెట్టె పెట్టి మొదలు దగ్గర విరగ్గొట్టారు. అక్క చీర అంచు చింపి కట్టు కట్టింది. ఆ కణుపు ఇప్పటికీ ఉంది. మీది నిటారుగా ఉన్న మొక్క.

ఒక మాట చెబుతాను, ఆలోచించండి. అసోసియేషను వాళ్ళు అంత పట్టుగా ఉంటే చెట్టును మా పెరట్లోకి తెచ్చేద్దాం. నేలలో పెడితే నిలదొక్కుకుంటుంది. మనుషుల్ని నేను మాట్లాడతాను. అక్క రెండు చెట్లూ ఒకే చోట ఉంటాయి.

మీ
చలపతిరావు


కొండాపూర్,
14 ఆగస్టు 2024

చలపతీ,

ఇప్పుడు బయటపడ్డావు. చెట్టు కూడా నీకే కావాలి.

నేను కాశీలో ఏదీ వదల్లేదు. ఆ వదిలే వేళకు నేనా గట్టు మీదే లేను. పండు వదిలితే మనిషిలో ఏం మారుతుందో చెప్పమని పంతులుతో వాదించాను. అతను చెప్పలేకపోయాడు. పాతపుస్తకాల సందు ఎక్కడో కనుక్కుని వెళ్ళిపోయాను. చీకటి పడేముందు సత్రానికి వచ్చాను. నిన్న కూడా ఒక కాయలో పుచ్చు తీసేసి, మిగిలింది తిన్నాను.

నువ్వు పంపకపోవటానికి కారణం దొరకక లేని కాశీ కథ ఒకటి అల్లావు. నేను జామ వదిలానని ఎవరు చెప్పారో రాయి. పేరుతో సహా రాయి.

సీ.రా.


హఫీజ్‌పేట,
22 ఆగస్టు 2024

బావగారికి,

ఎలా రాయాలో తెలియక ఇన్ని రోజులు పట్టింది. చెప్పింది అక్కే.

ఆ రోజు మీరు సందులోకి వెళ్ళిపోయాక పంతులు చాలా చిన్నబుచ్చుకున్నాడు. దంపతులిద్దరూ వదలాలి, ఒక్కరు వదిలితే సగమే అన్నాడు. అక్క నీళ్ళ వంక చూసి, “మా ఇద్దరికీ కలిపి జామ వదులుతున్నాను. ఆయన వంతు కూడా నేనే చెబుతున్నాను” అంది.

అప్పటికి ప్రయాగలో ఆ పళ్ళు తిని ఎన్నాళ్ళో కాలేదు. ఇలాంటి పండు పుట్టాక తినలేదని మొక్కలు కొనిపించింది. అవి తడిగోనెలో మా కాళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను ఉండబట్టలేక, ఇంకేదైనా వదులక్కా, మొక్కలు పట్టుకుని పండు వదలటమేమిటి అన్నాను.

“ఇష్టం లేనిది వదిలితే వదిలినట్టెలా అవుతుందిరా?” అంది.

సత్రంలో మీకు చెప్పే ఉంటుందనుకున్నాను. మీరు కోప్పడ్డా చివరికి ఒప్పుకుని ఉంటారనుకున్నాను. తినకుండా పెంచి పదిమందికి పంచుతారని మీ ఇద్దరి గురించీ మా ఇంట్లో ఎంతో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. మీకు తెలియదని మీ ఉత్తరం వచ్చాకే తెలిసింది.

ఒకటి అడగొచ్చో లేదో. మీరు తింటూ వచ్చారు, సరే. కోసి, ఉప్పూ కారం చల్లి పెట్టింది అక్క అని మీరు మొదటి ఉత్తరంలోనే రాశారు, అప్పుడు నాకు తట్టలేదు. మరి గింజలు పంటికింద పడుతున్నాయని అక్క అన్నది నిజమేనా?

మీ
చలపతి


కొండాపూర్,
28 ఫిబ్రవరి 2025

చలపతికి,

ఆరు నెలలు నీకు రాయలేదు. నీ ప్రశ్నకు జవాబు లేక కాదు, ఉండబట్టి.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఉమాశ్రీని అడిగాను, మీ అమ్మ జామకాయ తినగా చూశావా అని. అమ్మకు గింజలు పడవు కదా నాన్నా అంది. నీకు నేను రాసిందీ అదే. తర్వాత నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. జంతికలు కొరుకుతుంటే పక్కగదిలోకి వినిపించేదన్నావు. ఆ పక్కగదిలో చదువుకుంటూ ఉన్నది నేనే. చప్పుడుకు విసుక్కునేవాణ్ణి కూడా. ఆ పళ్ళకు జామగింజ అడ్డమొచ్చిందని అన్నేళ్ళు నమ్మాను.

మర్నాడు కాయలన్నీ కోసేశాను. నల్ల సంచి, ఎండ, వేపపిండి, అన్నీ నువ్వు రాసినట్టే. కొమ్మలు కత్తిరిస్తుంటే ఉమాశ్రీ స్టూలు పట్టుకుని, చాలు నాన్నా, చెట్టు చచ్చిపోతుంది అని ఏడుపు గొంతుతో అంది. తులసి కుండీని మెట్లగది పక్కకు జరిపాను. నీ మాట విని కాదు. ఆ మూడు భాషల పుస్తకాల్లో ఒకదాంట్లో ఆ సంగతి ఉంది, నా కళ్ళు దాటిపోయింది. ఇప్పుడు రెండింటికీ కలిపి ఒక చుట్టు తిరగాలంటే మిద్దె అంతా నడవాలి. పొద్దున్నే నడక మంచిదని డాక్టరు కూడా అంటున్నాడు.

బోడిచెట్టును చూసి ఎల్లేశమే జాలిపడ్డాడు. దీపావళికి ముందు చిగుళ్ళొచ్చాయి, చిగుళ్ళలో పూత వచ్చింది. తులసి సీసాలో ఈగలు పడుతుంటే రోజూ వెళ్ళి చూసేవాణ్ణి. అంత సంతోషం నాకు ఏ పుస్తకమూ ఇవ్వలేదని రాస్తే నువ్వు నలుగురికీ చెబుతావు. అందుకని రాయటం లేదు.

శివరాత్రి సాయంత్రం చంద్రమ్మ లిఫ్టు దిగి, మిగిలిన మెట్లు ఎక్కి తనే వచ్చింది. వెనక ఎల్లేశం, మరికొందరు. పండు నేను కోసిస్తానంటే ఒప్పుకోలేదు. నేను ఎంచింది నమ్మదట. చెట్టంతా తడిమి, తనే ఒకటి కోసి, రెండుగా చీల్చి, వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది. ఎదురుగా ఆఫీసుల అద్దాల్లోంచి ఎండ మా మిద్దె మీద పడుతోంది. తెల్లటి గుజ్జు, మధ్యలో గింజలు. కదిలేది ఏదీ లేదు. ఒక సగం నోట్లో పెట్టుకుంది. మిగతావాళ్ళు ఆవిడ నోటి వంక చూస్తున్నారు. నమిలి, మింగి, కొడుకుతో చెట్టు ముచ్చట ఇగ తియ్యకు అంది.

తర్వాత మిగిలిన సగం నా ముందుకు చాపింది.

“తిను సారూ. ఇంత కష్టపడ్డవు.”

నాకు కాశీ మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. పురుగు లేని ఆ పండు తినాలని మూడేళ్ళుగా ఎదురుచూశాను, నువ్వు ఎరుగుదువు. చెయ్యి కూడా చాపాను. నోటినుంచి వచ్చిన మాట వేరు.

“నేను తినకూడదమ్మా. కాశీలో వదిలేశాం.”

“గిన్నొద్దుల సంది చెప్పలేదేంది మరి?” అంది చంద్రమ్మ. నాకూ ఎవరూ చెప్పలేదని ఆవిడతో అనలేకపోయాను.

ఈ ఉత్తరంతో వచ్చే బుట్టలోవి నీకు. నువ్వు జామ వదల్లేదు కాబట్టి తిను. ఒక్కదాంట్లో పురుగున్నా రాయి. ఉండదు. నీ వాటికన్నా తీపిగా కూడా ఉంటాయి, ఆ సంగతి నిజాయితీగా ఒప్పుకో. భ్రమరాంబకు పెట్టు. పాలవాడికి వద్దు.

శాలువా మీద నాకున్న కడుపుమంట చల్లారింది. నీ కాళ్ళ కింది మన్ను మీదా చల్లారింది. ఒకటి చల్లారదు. ఆ గట్టు మీద శారద పక్కన నిలబడింది నువ్వు. నా వంతు తను మోస్తానన్న మాట పడింది నీ చెవిన. ఆ చెవులు ఇప్పుడు రైలు కూతకు తప్ప పనికిరాకపోయినా, ఆ మాట విన్న చెవులు అవే. నాకు దక్కింది ఆ సందులో కొన్న పుస్తకం. దాన్ని నేను చదవనే లేదు.

కాబట్టి నువ్వు కూచుని రాయి. ఆ రోజు ఆవిడ ఏ చీర కట్టుకుంది. ఆ మాట గట్టిగా అందా, లోపల్లోపల అనుకుందా. అన్నాక నేను వెళ్ళిన సందు వైపు ఒకసారైనా చూసిందా. ఆదివారాలు గంటసేపు నీతో ఏం మాట్లాడేదో అదీ రాయి. వంటల సంగతైనా సరే, నా మీద చాడీలైనా సరే. నీకు చిన్నవనిపించినవి కూడా ఏదీ వదలకు.

సీతారామయ్య